భుజం మీద చెయ్యి

ఆ ఫోటోలో మా వదిన భుజం మీద కనిపించే చెయ్యి నాది. పంచాయతీ ఎన్నికలు జరిగిన ఆ మూడు వారాల్లో ఈ ముక్క ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. విన్నవాళ్ళందరూ తలూపారు. కాదన్నవాళ్ళు దాదాపు లేరు.

అసలు ఫోటో డిసెంబరులో తీసింది. శ్రీకాకుళం దగ్గర మా యూనివర్సిటీలో ఒక పోటీ పెట్టారు. ఫోన్లలో తిరిగే ఇరవై ఫోటోలు, వీడియోలు ఇచ్చి, వాటిలో ఏవి అబద్ధమో, ఆ అబద్ధం ఎలా తయారు చేశారో రెండు గంటల్లో తేల్చమన్నారు. నేనూ, నాతోపాటు జర్నలిజం చదివే ధర్మేంద్రా ఒక జట్టు. మాకే మొదటి బహుమతి వచ్చింది. బహుమతి ఇచ్చే రోజు ఇళ్ళ నుంచి ఎవరైనా రావచ్చన్నారు. నాన్నకి పొలం పని, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అన్నయ్యకి ట్రాక్టరు. వదిన వచ్చింది.

మా వదిన పేరు రాజకుమారి. పుట్టిల్లు చీపురుపల్లి. ఇంటర్లో కాలేజీ ఫస్టు వచ్చిన మనిషి, ఆ ఎండాకాలమే పెళ్ళి చేసేశారు. యూనివర్సిటీ గేటు దాటడం ఆమెకి అదే మొదటిసారి. లైబ్రరీ అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూసింది.

"ఇన్ని పుస్తకాలు ఎవులు సదువుతారే, సుహా?"

"ఎవులూ సదవరు వొదినా," అన్నాను.

"నన్నొగ్గీయండి ఇక్కడ, నాను సదువుతాను," అంది.

ఆడిటోరియం మెట్ల మీద నా రూమ్మేటు ఉష నా ఫోన్‌తోనే రెండు ఫోటోలు తీసింది. మధ్యలో నేను, నా చెయ్యి వదిన భుజం మీద. అటుపక్క ధర్మేంద్ర, చేతిలో షీల్డు. షీల్డు మీద 'నిజ నిర్ధారణ' అనే మాటలో అక్షరం తప్పు పడింది. "ముందు దీన్ని పట్టుకోవాల కదండీ," అన్నాడు ధర్మేంద్ర. వదిన పకపకా నవ్వేసి, నా మీదుగా అతని వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే ఉష నొక్కింది. అది మొదటి ఫోటో. రెండోదానిలో అందరం బుద్ధిగా ఎదురుగా చూస్తున్నాం.

రెండోది ఇన్‌స్టాలో, ఇంటి గ్రూపులో పెట్టాను. మొదటిది చూసి వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఇది ఎవులికీ పెట్టకే. నోరు అంత తెరిసీసినాను."

"అన్నయ్యకొక్కడికే పెడతాను. మీ ఆవిడ నవ్వితే ఎలగుంతాదో సూడమని."

"ఆయనకైతే సరే," అంది, సిగ్గుపడుతూ. తన ముందే పంపాను. కొన్నాళ్ళకి ఫోన్ నిండిపోతే పాత ఫోటోలతోపాటు దాన్ని కూడా తుడిచేశాను.

జనవరి ఆఖర్లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మాది కోటబొమ్మాళికి ఆరు కిలోమీటర్ల ఊరు. సర్పంచ్ పదవి ఆడవాళ్ళది. పోయినసారి పేరు నూకయ్య భార్యది, పెత్తనం నూకయ్యది. ఈసారి కూడా ఆమె నామినేషన్ పడింది. ఇంక ఏకగ్రీవమే అనుకున్నారు. మరునాడు మా వదిన వేసింది.

ఊరికి ఉత్తరాన ఉన్న కొండని నూకయ్య మనుషులు మూడేళ్ళుగా తవ్వి గ్రావెల్ తోలుతున్నారు. వాన పడిందంటే ఎర్రమట్టి కొట్టుకొచ్చి కింద వరిచేలని కప్పేస్తోంది. డ్వాక్రా సంఘం ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వదిన రెండుసార్లు మండలాఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చింది. ఆ గ్రావెల్ తోలే ట్రాక్టర్లలో మా అన్నయ్య హరిబాబుదీ ఒకటి.

ఆ ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. అన్నం కలుపుతూ అన్నయ్య మొదలెట్టాడు.

"నువ్వు నిలబడితే రేపట్నుంచి నా బండిని కొండ మీదకి రానివ్వరు."

"రానివ్వకపోతే ఏటి? ఊళ్ళో దుక్కులు లేవేటి?"

"నలుగుర్లో నన్నేటని పిలుస్తారో తెలుసా? సర్పంచ్ మొగుడంతారు."

"నూకయ్య మావని అలగ పిలుస్తన్నారేటి? ఆయన్నే సర్పంచంతన్నారు," అంది వదిన.

నాన్న నవ్వాడు. "నిలబడనీరా. ఓడిపోతే ఇంటికొచ్చి కూకుంతాది. గెలిస్తే కొండ నిలబడతాది."

అన్నయ్య నవ్వలేదు. కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అది కోపం అనుకున్నాను. మా అన్నయ్యకి కోపమొస్తే రెండు రోజులుంటుంది, తర్వాత పోతుంది.

గురువారం పొద్దున్న హాస్టల్ మెస్సులో ఇడ్లీ కోసం నిలబడి ఉండగా ఉష నా పక్కకొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది.

ఫోటోలో వదినా, ధర్మేంద్రా ఉన్నారు. నేను లేను. ఆడిటోరియం మెట్లు లేవు, వాటి స్థానంలో పూల దుప్పటి పరిచిన మంచం, కర్టెను, లాడ్జి గదిలాంటిది ఉంది. ఇద్దర్నీ దగ్గరికి జరిపేశారు. వదిన ముఖాన్ని నున్నగా చేసి, కళ్ళు పెద్దవి చేశారు. నన్ను తుడిచేసినవాళ్ళు నా చెయ్యి మాత్రం ఉంచేశారు. ఇప్పుడది ధర్మేంద్ర చొక్కాలోంచి వచ్చి వదిన భుజం మీద ఉంది. కింద రాశారు: 'కాబోయే సర్పంచ్ గారి క్యాంపస్ సెలక్షన్'.

నాకు ముందు నవ్వొచ్చింది. నిజం. ఎందుకంటే ఆ చేతికి నా సన్న వాచీ ఉంది, గోళ్ళకి రంగుంది. మా పోటీలో ఇలాంటిదిస్తే ఒక్క నిమిషం కూడా పట్టేది కాదు.

ధర్మేంద్ర క్లాసుకి ఆలస్యంగా వచ్చాడు. వెనక బెంచీల్లో ఎవడో ఈల వేశాడు. వాళ్ళది సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఊరు. వాళ్ళింట్లో పీజీ దాకా వచ్చినవాడు ఇతనొక్కడే. వాళ్ళమ్మ గున్నమ్మ ఊరూరా తిరిగి చేపలమ్మి చదివించింది. అతని ముఖం పాలిపోయి ఉంది గానీ, గొంతు మామూలుగానే ఉంది.

"సాయంత్రానికి అయిపోద్ది. పద," అన్నాడు.

ముగ్గురం లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాం. నా ఇన్‌స్టాలో ఉన్న ఫోటో ఒక పక్క, అబద్ధపు ఫోటో ఇంకో పక్క పెట్టాం. వాచీకి ఒక ఎర్ర సున్నా, గోళ్ళకి ఒకటి, గాల్లోనే ఆగిపోయిన చీర అంచుకి ఒకటి. నాలుగు వాక్యాల్లో తేటగా రాశాం. ఊరి గ్రూపులో, మండలం గ్రూపుల్లో, యూనివర్సిటీ గ్రూపుల్లో పెట్టేశాం. పరీక్ష బాగా రాసి బయటికొచ్చినట్టుగా ఉంది నాకు.

గంట తిరక్కుండా మా ఊరి గ్రూపులో రమేష్‌బాబు ఓటింగ్ పెట్టాడు. ఇతను అన్నయ్య చిన్ననాటి స్నేహితుడు, ఇప్పుడు నూకయ్య తరఫున తిరుగుతున్నాడు. 'ఏది ఒరిజినల్? ఒకటా, రెండా?' అని పెట్టాడు. మూడు వందల మందిలో నూటనలభై మంది నొక్కారు. లాడ్జి ఫోటోయే గెలిచింది. కిందంతా నవ్వుతూ కళ్ళనీళ్ళు కార్చే బొమ్మలు. అప్పటిదాకా ఆ ఫోటో చూడనివాళ్ళు మా పోస్టులో చూశారు.

ఎవరో ఒక ప్రశ్న కూడా వేశారు. 'ఆ పిల్ల పెట్టిన ఫోటోలో ఆమె ఎదరకి చూస్తన్నాది. ఇందులో తల తిప్పి నవ్వుతన్నాది. రెండూ ఒకటే ఫోటో ఎలగౌతాది?'

నేను ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

ఇంటి ముందు డ్వాక్రా ఆడవాళ్ళు ఉంటారనుకున్నాను. ఎవరూ లేరు. వదిన ఒక్కతే అరుగు మీద కూర్చుని కరపత్రాలు మడతపెడుతోంది. గుర్తులు గడువు ముగిశాకే ఇస్తారు గానీ, ఆమెకి ఉంగరమే వస్తుందని ఊళ్ళో అప్పటికే అనుకుంటున్నారు. ఆటోకి మైకు కట్టుకుని నూకయ్య మనుషులు వీధిలో తిరుగుతున్నారు. 'ఉంగరం ఎవులు తొడిగినారమ్మా?' అని మైకులో పాట కట్టారు. వదిన తలెత్తలేదు. ఆ ఫోటోని ఆమె ఒకే ఒక్కసారి, జగ్గమ్మ ఫోన్లో సగం చూసి బోర్లించేసిందట. మళ్ళీ చూడలేదు.

నేను జగ్గమ్మ ఇంటికి వెళ్ళాను. సంఘంలో వదినకి కుడిభుజం ఆవిడే. మండలాఫీసులో అధికారి ముందు బల్ల గుద్ది మాట్లాడిన మనిషి. నేను ఫోన్ తీసి, వాచీ చూపించి, గోళ్ళు చూపించి, మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. మొత్తం విని నిట్టూర్చింది.

"ఇదంతా నాకు సెప్పాల్నేటమ్మా? రాజకుమారి అలాంటిది కాదని నాకు తెల్దేటి?"

"మరి రావడం మానీసినావేటి పిన్నీ?"

"అబద్ధమని మా ఇంట్లోనూ తెలుసు. మా ఆయనకీ తెలుసు. తెలిసే, రేపు నీ బొమ్మ కూడా ఇలగే సేస్తారు, నాను తలెత్తుకోలేనంతన్నాడు." గొంతు తగ్గించింది. "నాకు పెళ్ళికెదిగిన గుంట ఉంది తల్లీ."

పోటీ కోసం మేం నేర్చుకున్న వాటిలో దీనికి జవాబు లేదు. జనం నమ్మి పంపుతున్నారని మేం అనుకున్నాం. నమ్మితే మాన్పించవచ్చు. వీళ్ళెవరూ నమ్మలేదు.

నేను ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాన్న పేరు జగన్నాధం, ఊళ్ళో మాటకి విలువున్న మనిషి. ఆ రోజు మాత్రం నన్ను చిన్నపిల్లాడిలా అడిగాడు.

"నువ్వు సదివింది ఇదే కదమ్మా. తేల్సలేవా?"

"తేలుస్తాను నాన్నా," అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పోలీసు ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. గ్రూపులో వేసిన ఆ ప్రశ్న బుర్రలోంచి పోవడం లేదు. తల తిప్పి నవ్వుతన్నాది. లాడ్జి ఫోటోని పెద్దది చేసి చూశాను. నున్నగా చేసిన ఆ ముఖంలో పెదవుల వెనక పై పళ్ళ వరస చూడగానే అర్థమైంది. వాళ్ళు వాడింది నేను ఇన్‌స్టాలో పెట్టిన ఫోటో కాదు. ఉష మొదట తీసింది. అది నా దగ్గర లేదు. అయితే ఎవరికైనా పంపినది చాట్లో ఉండాలి కదా అని వెతికాను. ఒక్క చోటే దొరికింది.

తెరిచి చూశాను. మధ్యలో నేను, అటు ధర్మేంద్ర, ఇటు నోరారా నవ్వుతున్న వదిన. పైన నేను రాసిన వాక్యం. కింద అన్నయ్య పెట్టిన బొటనవేలు.

అన్నయ్య పశువుల శాల వెనక ట్రాక్టరుకి గ్రీజు పెడుతున్నాడు. కొండ మీదకి బండిని రానివ్వడం మానేసి అప్పటికి నాలుగు రోజులైంది. ఫోన్ ముందుకు పెట్టాను.

"ఈ ఫోటో నీకొక్కడికే పంపినాను, అన్నయ్యా."

చూశాడు. గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. వేళ్ళ సందుల్లో కూడా తుడుచుకున్నాడు.

"రమేష్‌బాబు అడిగినాడు," అన్నాడు చివరికి.

"ఏటని అడిగినాడు?"

"పక్కన ఎవులైనా మగోడున్న ఫోటో ఒకటియ్యరా, మీ ఆవిడ ఫోన్‌కి పెట్టి సిన్నగా బెదిరిస్తాం, భయపడి నామినేషన్ ఇత్‌డ్రా సేసేసుకుంతాది అన్నాడు. బైటకి పోదన్నాడు. ఆడి కూతురి మీద ఒట్టేసినాడు."

"నువ్విచ్చీసినావు."

"ఇలగ సేస్తారనుకోలేదే సుహా. నిన్ను తీసీసి, ఆడి సెయ్యి..." ఆగిపోయాడు. "రెండ్రోజుల్నుంచి అన్నం సయించట్లేదు."

ఎద్దు ఒకటి తల విదిల్చి ఈగల్ని తోలుకుంది.

"ఇది గ్రూపులో పెడితే నోళ్ళు మూతపడతాయి," అన్నాను. "తల అలగే ఉన్నాది, నవ్వూ అదే. మధ్యలో నానున్నాను. ఇంకెవులూ అడగడానికి ఏటీ ఉండదు."

"పెడితే మీ వొదిన అడుగుతాది, ఇది ఆళ్ళకెలగెళ్ళిందని. ఎవులికి పంపినావో దానికి తెలుసు."

"తెలుసు."

"ఉంతాదంతావేటి, మరి ఈ ఇంట్లో?"

లోపల్నుంచి వదిన కేకేసింది. "టీ ఎట్టినాను, తాగుతారేటి ఇద్దరూ?"

"ఆ," అన్నాం, ఇద్దరం ఒకేసారి.

టీ తాగాం. వదిన నా ఎదురుగా కూర్చుని ఫిర్యాదు కాగితం చదివింది. రెండు చోట్ల అక్షరాలు దిద్దింది. "ఇత్‌డ్రా సేసుకుంతే అది నిజమని ఒప్పుకున్నట్టే గదే. సెయ్యను," అంది. అన్నయ్య గ్లాసు కింద పెట్టేసి బయటికి పోయాడు. సాయంత్రం స్టేషన్‌లో కాగితం తీసుకున్నారు, ఎలక్షన్ అయ్యాక చూస్తామన్నారు. అసలు ఫోటో ఏదని అడిగితే ఇన్‌స్టాలోదే ఇచ్చాను.

శనివారం మూడు గంటలకి ఉపసంహరణ గడువు ముగిసింది. నాలుగింటికి నా చాట్లోంచి ఆ ఫోటో తీసేశాను. అన్నయ్య ఫోన్ అడిగి తీసుకుని, దాన్లోంచి కూడా తీసేశాను. తుడిచినది మళ్ళీ ఎక్కడెక్కడ మిగిలి ఉంటుందో మాకు క్లాసులో చెప్పారు. ఆ చోట్లన్నీ వెతికి మరీ తీశాను.

ఆదివారం పొద్దున్న ధర్మేంద్ర ఫోన్ చేశాడు. వెనక సముద్రం హోరు వినిపిస్తోంది.

"సుహాసినీ, ఆ ఒరిజినల్ దొరికిందేటి? తల తిప్పింది ఇంకోటి తీసిందని ఉష సెప్పింది."

"ఎందుకు?"

"మా ఊళ్ళో పెద్దలు కూకున్నారు. వేరే కులం ఆడమనిషి, అదీ పెళ్ళైన మనిషి, రేపు ఆళ్ళూరోళ్ళు వచ్చి పడితే ఊరంతటికీ తగువంతన్నారు. మా అమ్మ సేపలు పట్టుకెళ్తే ఎవులూ గంప దింపనివ్వట్లేదు. ఆ రెండూ పక్కపక్కన ఎట్టి సూపిస్తే పెద్దలకి అర్థమౌద్ది. ఆళ్ళు సెడ్డోళ్ళు కాదు."

అతని గొంతులో ఇంకా ఆ లైబ్రరీ మెట్ల మీద ఉన్న ధీమానే ఉంది. గోడ అవతల అమ్మ మోకాళ్ళకి వదిన నూనె రాస్తోంది, ఏదో చెబుతోంది. అమ్మ మూలుగుతోంది.

"డిలీటైపోనాది ధర్మేంద్రా," అన్నాను. "ఎంత ఎతికినా దొరకలేదు."

"సరేలే," అన్నాడు. "నువ్వు మాత్రం ఏటి సేస్తావు. నువ్వు బాధపడకు."

పరీక్షలకి అతను రాలేదు. మేనమామతో వీరావల్ రేవుకి వెళ్ళిపోయాడనీ, అక్కడ గుజరాతీ యజమాని బోటు మీద పనిలో చేరాడనీ ఉష చెప్పింది. ఆ షీల్డు డిపార్టుమెంటు అల్మారాలో అతని పేరుతో అలాగే ఉంది. నేను రెండుసార్లు ఫోన్ చేశాను. బోటు సముద్రం మీద ఉంటే సిగ్నల్ ఉండదట. మూడోసారి చెయ్యలేదు.

ఇక్కడ అన్నయ్య మారిపోయాడు. శనివారం నుంచి వదిన వెంట ఇల్లిల్లూ తిరిగాడు. ఆమె కరపత్రం ఇస్తే, పక్కన నిలబడి దండం పెట్టాడు. పోలింగుకి రెండు రోజుల ముందు రచ్చబండ దగ్గర టీ కొట్లో రమేష్‌బాబు ఏదో అన్నాడట. అన్నయ్య వాణ్ణి కింద పడేసి కొట్టాడు. వాళ్ళు నలుగురు కలిసి అన్నయ్యని కొట్టారు. తలకి ఆరు కుట్లు పడ్డాయి. ఆ కట్టుతోనే మరునాడు మళ్ళీ వదిన వెంట తిరిగాడు.

వదినకి నూటపన్నెండు ఓట్లు వచ్చాయి. నూకయ్య భార్యకి ఏడొందల ఎనభై. లెక్కింపు అయ్యాక టపాసులు మా ఇంటి ముందే పేల్చారు. మరునాటి నుంచి కొండ మీద రెండో యంత్రం కూడా దింపారు. ఆ చప్పుడు మా పెరట్లోకి వినిపిస్తుంది. గ్రూపులో ఆ ఫోటోని ఎవరూ పట్టించుకోవడం మానేశారు. ఎవరో కుక్క మనిషిలా మాట్లాడే వీడియో పెడితే అందరూ దాన్ని చూస్తున్నారు.

మార్చిలో మినుము కోతకొచ్చింది. రమ్మంటే కూలికి ఎవరూ రాలేదు. ఇంట్లోవాళ్ళమే దిగాం. నేను సెలవు పెట్టి వచ్చాను. పొద్దున్నే మంచు ఆరకముందే మొదలెట్టి, ఎండెక్కేదాకా పీకుతూనే ఉన్నాం. సంఘం లీడరుగా వదినని తీసేశారు, ఆమె కూడా సమావేశాలకి వెళ్ళడం లేదు. కొత్త లీడరు జగ్గమ్మ. దారిలో ఎదురుపడితే ఇద్దరూ పలకరించుకుంటారు.

నడుం పట్టేసి గట్టు మీద కూర్చున్నాం. వదిన వేళ్ళకి మినుము నూగు అంటుకుని ఉంది. చాలా రోజుల తర్వాత తనంతట తనే మాట్లాడింది.

"నాకు సర్పంచ్ అవ్వలేదని బాధ లేదే, సుహా. ఊరోళ్ళ మీద కూడా కోపం పోనాది. ఒకటి మాత్రం తెలిసింది."

"ఏటి వొదినా?"

"మీ అన్నయ్య. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో ఆయన్ని నాను సరిగ్గా అర్థం సేసుకోలేదు. నిలబడొద్దన్నాడు గదా, నాకు అడ్డం పడతాడనుకున్నాను. నవ్వుతారని తెలిసీ ఊరందరి ముందూ నా పక్కన నడిసినాడు. నా కోసం తల పగలగొట్టుకున్నాడు. ఆ ఫోటో ఎవులు ఇచ్చినారో తెలిస్తే సంపేస్తానన్నాడే, నిజంగా ఏడిసినాడు." పమిటతో ముఖం తుడుచుకుంది. "ఇంత జరిగినాక కూడా నాను బతికున్నానంటే ఆయన్ని సూసుకునే. ఈ ఊళ్ళో నన్ను నమ్మిన మనిషి ఆయనొక్కడే గదేటే?"

నా ముఖంలోకి చూస్తోంది. జవాబు కోసం చూస్తోంది.

"అవును వొదినా," అన్నాను. "అన్నయ్యొక్కడే."

అన్నయ్య నీళ్ళ క్యాను భుజానికెత్తుకుని గట్టు మీదుగా వస్తున్నాడు. వదిన పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది.